స్లాబు కింద కాపురం

నాగోల్‌లో మా కాలనీ వైపు పాత ఇళ్లలో పై వాటా అద్దెకివ్వాలంటే డిసెంబరులోనే టు-లెట్ బోర్డు పెడతారు. మార్చి దాటితే లాభం లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు గదిలో అడుగుపెట్టి, పైకి ఒకసారి చూసి, "మళ్లీ ఫోన్ చేస్తామండీ" అని మెట్లు దిగిపోతారు. ఆ ఫోన్ రాదు.

ఇళ్లు కట్టించే పనిలోనే నా వయసంతా గడిచింది. మూసీ ఇవతల పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో ఇక్కడ పడ్డ స్లాబులు కొన్ని నేను దగ్గరుండి వేయించినవే. ఇప్పుడు పని మానేశాను గానీ "అంకుల్, ఒకసారి మా డాబా చూసిపోండి" అనే పిలుపులు మానలేదు. మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు ఎక్కుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కరెంటు స్తంభం చూసినా "హీట్ ప్రూఫింగ్, వాటర్ ప్రూఫింగ్" అని ఫోన్ నంబరు వేలాడుతోంది. ఆ నంబర్ల వెనక పని తెలిసినవాళ్లున్నారు. నిన్నటిదాకా పెయింటు డబ్బాలు మోసి ఇవాళ కార్డు కొట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో తెలియాలంటే ముందు ఇంటివాళ్లకు కొంత తెలిసుండాలి. డాబాల మీద నిలబడి ఒక్కొక్కరికి ముక్కలుగా చెప్పినవాటిని ఇక్కడ వరుసలో పెడుతున్నాను. ఈ పనిలో వరుసే ముఖ్యం.

1. ఎండ గోడకు కాదు, నెత్తికి తగులుతుంది

హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టులో మబ్బులు అడ్డం పడతాయి కాబట్టి బతికిపోతాం, మేలో ఆ దయ ఉండదు. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు ఎండ తగలడమే తక్కువ. పడమటి గోడకు సాయంత్రం పూట తగులుతుంది, తూర్పు గోడకు పొద్దున తగులుతుంది. కప్పు మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పడుకుని కాలుతూనే ఉంటుంది. నాలుగు గోడలకూ ఖరీదైన రంగు వేయించి డాబాను నల్లగా పాచిపట్టినట్టే వదిలేసినవాళ్లను చూశాను. డబ్బు పోయింది, వేడి పోలేదు.

బేగంపేటలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. ఆ రికార్డు గాలిది. మన నెత్తిమీది ఒట్టి కాంక్రీటు స్లాబు ఆ అంకెను ఏప్రిల్‌లో మధ్యాహ్న భోజనం కాకముందే దాటేస్తుంది. గాలి 41, 42 ఉన్న రోజు స్లాబు పైముఖం 60 దాటుతుంది.

అంత వేడీ వెంటనే గదిలోకి రాదు. నాలుగున్నర, ఐదంగుళాల కాంక్రీటును దాటి కింది ముఖానికి చేరడానికి మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఒంటిగంట ఎండ మనకు ఐదింటికి తగులుతుంది, ఆ తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా దిగుతూనే ఉంటుంది. బయట చల్లబడేకొద్దీ లోపల ఉడికేది అందుకే. మా వీధిలో పై వాటాలో ఉండే ఒక ముసలమ్మ "బయట కూసుంటే పానం బాగుంటది బిడ్డా, ఇంట్లకొస్తెనే జరమొచ్చినట్టయితది" అనేది. ఆమెకు ఏ ఇంజనీరూ చెప్పలేదు.

మీ ఇంట్లో పరీక్ష చేసుకోవాలంటే రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి. తర్వాత పైన నీళ్ల ట్యాంకు నీడ పడేచోటు ఏ గది మీద ఉందో చూసుకుని అక్కడా ఆనించండి. రెండింటి తేడా చేతికే తెలుస్తుంది. ఎండ పడకపోతే మీ స్లాబు ఎంత చల్లగా ఉండగలదో ఆ ట్యాంకు చెబుతోంది.

2. ఫాల్స్ సీలింగ్ ఈ రోగానికి మందు కాదు

వేడిని స్లాబు పైనే ఆపాలి. స్లాబులోకి దిగాక ఏం చేసినా ఆలస్యమే. కింద పీవోపీ సీలింగు కొట్టిస్తే కొంత సెగ తగ్గుతుంది, కాదనను. కానీ పైన స్లాబు అంతే కాలుతుంది, పగలు సాగి రాత్రి ముడుచుకుంటూ పగుళ్లు పెంచుకుంటూనే ఉంటుంది. పైగా ఆ పగుళ్లు, చెమ్మ మరకలు, ఊడుతున్న పెచ్చులు కంటికి కనపడకుండా పోతాయి. పదడుగుల ఎత్తు గది తొమ్మిదడుగులకు దిగి ఫ్యాను నెత్తిమీదికి వస్తుంది. ఎలుకలకు, బొద్దింకలకు మాత్రం కొత్త ఇల్లు దొరుకుతుంది.

ఏసీ సంగతీ అంతే. అది గాలిని చల్లబరుస్తుంది, కప్పు నుంచి ఒంటి మీద పడే సెగను ఆపలేదు. అందుకే పై అంతస్తులో 22 పెట్టుకున్నా చాలదు, కింది అంతస్తులో 27కే దుప్పటి కప్పుకుంటారు.

3. ముందు నీళ్లు, తర్వాతే ఎండ

కారే స్లాబు మీద వేడి ఆపే పని చేయించడమంటే చెమ్మను లోపల పెట్టి మూత వేయడమే. 2020 అక్టోబరు 13 రాత్రి వానను ఈ వైపు ఎవరూ మర్చిపోరు. నాగోల్, ఎల్బీనగర్ కాలనీల్లో వీధులే చెరువులయ్యాయి. కింద నీళ్లు తోడుకునే హడావుడిలో పైన డాబా మీద ఎంతసేపు నిలిచాయో ఎవరూ చూసుకోలేదు. మరుసటి ఏడాదికి సీలింగుల్లో ఇనుము ఉబ్బడం మొదలైంది.

ముందు చిన్న సుత్తి తీసుకుని డాబా అంతా కొట్టి చూడాలి. గట్టి చోట టంగుమంటుంది, పైపొర లేచినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నంతమేరా సుద్దముక్కతో గీత గీసి, అంతా కొట్టేయించాలి. సన్న పగులైనా సరే, పైన లప్పం పూసి ఊరుకుంటే ఒక్క ఎండాకాలంలో మళ్లీ నోరు తెరుస్తుంది. ఉలితో వి ఆకారంలో తవ్వి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. పిట్టగోడ మొదట్లో గోలా, అంటే మూలలో గుండ్రంగా పూసే మాలు, తిరిగిందో లేదో చూడాలి. పాత ఇళ్లలో సగం కారుడు అక్కడినుంచే, మిగతా సగంలో ఎక్కువ భాగం వాననీళ్ల పైపు మూతి దగ్గర్నుంచే. ఆ తర్వాత పైపు మూతి బిగించి, రెండంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచి కింద చూడాలి.

ఇందులో ఒక షరతు ఉంది. అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకు 25 కిలోలు. పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డ స్లాబు మీద నీళ్లు కట్టకండి. అలాంటిదానికి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి, కోటింగువాడు కాదు.

ఈ మధ్య పీఎం సూర్యఘర్ వచ్చాక చాలామంది సోలార్ పెట్టిస్తున్నారు. మంచిదే, ప్యానెళ్ల కింద పడే నీడ కూడా లాభమే. కానీ వాటి కాళ్లకు స్లాబులో బోల్టులు దిగాక కింద రిపేరు చేయాలంటే మొత్తం విప్పాలి. నీళ్ల పని ముందు, సోలార్ తర్వాత.

4. తెలుపు

తక్కువ ఖర్చులో ఎక్కువ గుణం ఇచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అన్నిటికంటే చవక సున్నం. సున్నపురాళ్లను ముందురోజు పాత డ్రమ్ములో నీళ్లు పోసి వదిలేయాలి. రాళ్లు బుసబుసమని ఉడుకుతాయి, మొహం మీదికి చిమ్మితే కళ్లు పోతాయి కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. మర్నాడు చల్లారిన పాలను పాత చీరముక్కతో వడగట్టాలి. మా చిన్నప్పుడు అందులో గంజి, ఉప్పు వేసేవారు. ఇప్పుడు ఫెవికాల్ లాంటి బంక, కొంచెం తెల్ల సిమెంటు కలుపుతున్నారు. డాబా కడిగి, తేమగా ఉండగానే పల్చటి పూత ఒకటి, అది ఆరాక అడ్డంగా రెండోది. చిక్కగా ఒకే పూత వేస్తే పొట్టులా లేస్తుంది. ఒక ఎండాకాలానికి ఢోకా లేదు. వానలకు సగం పోతుంది, మళ్లీ ఏడు మళ్లీ వేసుకోవాలి. ఓపిక ఉన్న ఇంటికి ఇంతకన్నా మంచి బేరం లేదు.

ఓపిక లేనివాళ్లకు కూల్ రూఫ్ పెయింట్లున్నాయి. కొనేముందు అడగాల్సింది ఎస్ఆర్ఐ అంకె. ప్రామాణికమైన నలుపుకు 0, ప్రామాణికమైన తెలుపుకు 100 అని పెట్టుకుని, మిగతావి వాటితో పోల్చి చెప్పే లెక్క అది. మంచి తెల్లపూత కొత్తలో వందకు అటూఇటూగా ఉంటుంది, ఒట్టి సిమెంటు అందులో మూడోవంతు చుట్టుపక్కల ఉంటుంది. కొత్తలో అంకెతో పాటు మూడేళ్ల తర్వాతి అంకె కూడా అడగండి. రెండోది చెప్పగలిగినవాడి దగ్గర సరుకుంది. ఇంకా గట్టిగా కావాలంటే తెల్ల టైల్సు ముక్కలతో చైనా మొజాయిక్ పరిపించుకోవచ్చు, అది తరం పాటు ఉంటుంది. డాబా మీద పడే బరువుల సంగతి తర్వాత చెబుతాను.

బోర్డుల మీద "15 డిగ్రీలు తగ్గుతుంది" అని రాస్తారు. అబద్ధం కాదు, కానీ అది స్లాబు పైముఖానికి. గదిలో గాలికి కాదు. గదికి ఎంత తగ్గుతుందో మన ఊళ్లోనే కొలిచారు. 2017లో ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ), ట్రిపుల్ ఐటీ, జీహెచ్ఎంసీ కలిసి దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అని పెదవి విరవకండి. కరెంటు పోయిన మే రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా ఆ రెండు డిగ్రీలే. పదిహేను చెప్పినవాడిని మాత్రం "గదిలోనా, డాబా మీదనా?" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే మనిషి తెలిసిపోతాడు.

ఆ అనుభవంతోనే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 దాకా అమలయ్యే ఆ విధానం ప్రకారం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు చల్లకప్పు తప్పనిసరి. ఇళ్లలో 600 గజాలు, ఆపై స్థలం ఉన్నవాటికే తప్పనిసరి, అంతకు తక్కువైతే మీ ఇష్టం. నాగోల్‌లో ఇళ్లన్నీ నూట యాభై, రెండొందలు, మహా అయితే మూడొందల గజాలవి. అంటే వేడి ఎక్కువ తగిలేది ఎవరికో వాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. నాకైతే ఇది నచ్చలేదు. చదరపు మీటరుకు 300 రూపాయల లెక్కన అయ్యే పనికి చిన్న ఇళ్లవాళ్లకు ఆస్తిపన్నులో కొంత తగ్గించినా ఈ కాలనీలన్నీ ఈపాటికి తెల్లగా ఉండేవి.

తెల్లపూతకు శత్రువు దుమ్ము. మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే ఒక్క ఏడాదిలో బూడిదరంగుకు తిరుగుతుంది. శివరాత్రి వెళ్లగానే ఒకసారి చీపురుతో రుద్ది కడిగితే చాలు. ఇంకో మాట. తెల్లకప్పు చలికాలంలో కూడా ఎండను వెనక్కి పంపుతుంది. హయత్‌నగర్ వైపు డిసెంబరు తెల్లవారుజాముల్లో చలి బాగానే కొరుకుతుంది, పై వాటాలో పెద్దవాళ్లుంటే సణుగుతారు. ఆ నాలుగు వారాలు రగ్గు కప్పుకోవచ్చు. మూడు నెలల ఎండకు కప్పుకోవడానికి ఏమీ లేదు.

5. స్లాబు నోరు తెరిచి చెప్పదు, ఎంత బరువు మోయగలదో

ఇటుక ముక్కలు పరిచి పైన సున్నం గానీ సిమెంటు గానీ పోసే పద్ధతి పాతది, మంచిది. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి దిమ్మిసలతో కొట్టిన పాత సున్నపు మిద్దెలు ఇప్పటికీ చల్లగానే ఉన్నాయి. కానీ ఆ మిద్దెల కింద దూలాలు, అడుగున్నర గోడలు ఉండేవి. నాలుగున్నర అంగుళాల మందం ఇటుక ముక్కల పని చదరపు మీటరుకు 200 కిలోల దాకా తూగుతుంది. మన దేశపు కోడ్ ప్రకారం మనుషులు తిరిగే డాబాకు లెక్కలో పట్టే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలు. లెక్కేయండి. అప్పట్లో డిజైనులో ఆ పని చూపించకుండా, మేస్త్రీ నోటిలెక్కతో వేసిన స్లాబు మీద ఇప్పుడు అదంతా పోస్తే ఏమవుతుంది? ఇప్పటికే ఒక పొర ఉన్న డాబా మీద, దాన్ని తీయకుండా ఇంకో పొర పోసిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ కింద నేను భోజనానికి కూడా కూర్చోను.

మిద్దె తోటలకూ ఇదే వర్తిస్తుంది. నారపల్లిలో రచయిత తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి తన డాబా మీద పెంచిన తోట చూసి చాలామందికి ఆశ పుట్టింది. నీడా, కూరగాయలూ రెండూ వస్తాయి, నేనూ ఊ అంటాను. మడులు, బరువైన తొట్లు గోడల మీదా బీముల మీదా పడేట్టు పెట్టుకోవాలి. తడి మట్టి బరువును పొడి మట్టి బరువుతో అంచనా కట్టకూడదు.

6. అసలు ఇన్సులేషన్

తెలుపు ఎండను వెనక్కి తిప్పుతుంది. వచ్చిన వేడిని దారిలో ఆపేది ఇన్సులేషన్. రెండూ వేరు పనులు, రెండూ చేయించుకోగలిగితే గది మారిపోతుంది.

కాంక్రీటు వేడికి తలుపులు తెరిచే పదార్థం. రెండంగుళాల థర్మోకోల్ ఆపినంత వేడిని ఒట్టి కాంక్రీటుతో ఆపాలంటే ఏడడుగుల మందం పోయాలి. అందుకే ఇక్కడ మందమూ బరువూ కాదు, పదార్థం ముఖ్యం. డాబా మీద వాడటానికి మామూలు థర్మోకోల్ కంటే అదే జాతికి చెందిన ఎక్స్‌పీఎస్ బోర్డులు మేలు. గట్టిగా ఉంటాయి, నీళ్లు పీల్చవు, రెండంగుళాల బోర్డు చదరపు మీటరుకు రెండు కిలోలు కూడా తూగదు. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇంటి కప్పుకు యు-వాల్యూ, అంటే వేడి ఎంత తేలిగ్గా దిగుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదంటుంది. ఒట్టి స్లాబుది మూడుకు పైనే. అంగుళం ఎక్స్‌పీఎస్ పరిస్తేనే ఆ గీత లోపలికి వస్తాం, రెండంగుళాలైతే దానికి సగానికి దిగుతాం.

వరుస ఇలా ఉండాలి: స్లాబు, దాని మీద వాటర్ ప్రూఫింగ్, దాని మీద బోర్డులు సందుల్లేకుండా, పైన చికెన్ మెష్ వేసి వాటం పెట్టిన సిమెంటు పొర, చివర తెల్ల టైల్సు గానీ తెల్లపూత గానీ. వాటర్ ప్రూఫింగ్ బోర్డుల కింద ఉంటే ఎండ తగలక ఎక్కువకాలం బతుకుతుంది. బోర్డులు అతికించడానికి పెట్రోలు వాసన కొట్టే జిగురు తెస్తే ఆపండి, థర్మోకోల్ జాతి మొత్తం అందులో కరిగిపోతుంది. వేడి తారు కూడా పోయకూడదు. ఇంటి లోపల సీలింగుకు థర్మోకోల్ షీట్లు అతికించి వదిలేయడం మరీ ప్రమాదం. నిప్పంటుకుంటే మండుతూ చుక్కలుగా కారుతుంది, నల్లటి పొగ గది నింపేస్తుంది.

7. సిమెంటు రేకుల గదులు

డాబా మీద అద్దెకని వేసిన రేకుల గదులు ఈ వైపు లెక్కలేనన్ని. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మన సనత్‌నగర్‌లో తయారైన రేకులే రాష్ట్రమంతా కప్పాయి. వాటిని ఎండబెట్టి వైర్ బ్రష్షుతో గీకడం, డ్రిల్లు దించడం, కోయడం వద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లతో తడిపి మెత్తటి చీపురుతో కడిగి తెల్లపూత వేస్తే చాలు. లోపల రేకుకు అడుగు దిగువన వెదురు తడకో, బోర్డో కట్టి, రెండు వైపులా గాలి పోయే సందు వదిలితే మనుషులు ఉండగలిగే గది అవుతుంది.

8. మినియాపొలిస్ అటక నుంచి

మా అబ్బాయి అమెరికాలోని మినియాపొలిస్‌లో కొన్నది 1950లలో కట్టిన చెక్క ఇల్లు. అక్కడి శీతాకాలం మైనస్ ఇరవైకి కూడా దిగుతుంది. మొదటి చలికాలం చూరుకు బారెడు మంచు ఊచలు వేలాడితే కోడలు ఫొటోలు తీసి పంపింది, ఎంతో అందంగా ఉన్నాయి. తర్వాత తెలిసింది, అవి ఇంట్లో వేడి కప్పు గుండా కారిపోతోందనడానికి గుర్తు. లోపలి వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లటి చూరు దగ్గరికొచ్చి మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ వెనక నీళ్లు నిలిచి ఇంట్లోకి కారతాయి.

నేనక్కడ ఉన్నప్పుడే ఇన్సులేషన్ మనుషులు వచ్చారు. పని చూద్దామని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాళ్లు ముందు ధర చెప్పలేదు. వీధి తలుపుకు గుడ్డ బిగించి దానికో పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలిని బయటికి లాగారు. అప్పుడు ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కడ్నుంచి చల్లగాలి లోపలికి తన్నుకొచ్చింది. ఒకతను కెమెరా పట్టుకుని తిరిగి గోడల్లో చల్లటి చోట్లన్నీ రాసుకున్నాడు. ఆ తర్వాతే అటకెక్కి లైట్ల చుట్టూ, పైపుల చుట్టూ సందులు నురుగుతో మూసి, అప్పుడు లారీలోంచి గొట్టం వేసి పాత న్యూస్‌పేపర్ల పొట్టు ఊదారు. దానికి బోరేటు కలుపుతారట, తొందరగా అంటుకోకుండా. అడుగుకు పైగా మందం. పొట్టులో అక్కడక్కడ కాగితపు స్కేళ్లు గుచ్చి వెళ్లారు, ఎంత లోతు పోశారో ఇంటివాళ్లు ఎప్పుడైనా చూసుకోవడానికి. అక్కడా ఆస్‌బెస్టాస్ భయం ఉంది. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన వర్మిక్యులైట్ పాత అటకల్లో పోసి ఉంటుంది. గని 1990లో మూతపడింది గానీ ఆ గులకలు ఇళ్లలో అలాగే ఉన్నాయి, కనిపిస్తే కదపకుండా పరీక్ష చేయించమంటారు.

వాళ్లది చలి, మనది ఎండ. వరుస మాత్రం అదే: ముందు కొలత, తర్వాత కారే చోట్లు మూయడం, ఆఖరున పొర. ఇక్కడ ఫోన్ ఎత్తగానే "స్క్వేర్ ఫీటుకు ఇంత సార్" అంటారు. డాబా చూడనిదే ధర చెప్పిన మనిషికి నేనైతే రెండో ఫోన్ చేయను.

9. పని ఇచ్చేటప్పుడు

సీలు తీయని డబ్బాలు మీ ముందే తెరవాలి. వంద చదరపు అడుగులకు ఎన్ని లీటర్లు పడుతుందో డబ్బా మీదే ఉంటుంది. మీ డాబా కొలతతో లెక్కేసి, పని అయ్యాక ఖాళీ డబ్బాలు ఎంచుకోండి. నీళ్లు ఎక్కువ కలిపితే అక్కడే దొరుకుతారు. మధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద పూత వేయనీయకండి, పైన ఆరి లోపల ఆరక బుడగలు లేస్తాయి. ఉపరితలం వేడి కొలిచే చిన్న గన్ను వెయ్యి, రెండు వేలకు దొరుకుతుంది. పనికి ముందు, పని తర్వాత ఒకే వేళకు కొలిచి ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు.

పదేళ్ల వారంటీ కార్డు చూసి మురిసిపోవద్దు. మా పక్కింటివాళ్లకు ఒక కంపెనీ అలాంటి కార్డే ఇచ్చింది, మూడో వానాకాలానికి ఆ నంబరు మోగడం మానేసింది. వారంటీ డబ్బా చేసిన కంపెనీదా, పూత వేసిన మనిషిదా అన్నది కాగితం మీద స్పష్టంగా ఉండాలి. బిల్లులో పదోవంతు మొదటి పెద్దవాన పడేదాకా ఆపుకోండి. పని మీద నమ్మకం ఉన్న మేస్త్రీ దానికి ఒప్పుకుంటాడు. "అట్లయితే కుదరదు సేటు" అన్నవాడిని పోనివ్వండి.

10. కాలం

సంక్రాంతి నుంచి ఉగాది లోపు. మేలో ఫోన్ చేస్తే మంచి పనివాళ్లు దొరకరు, దొరికినవాళ్లు ఖాళీగా ఎందుకున్నారో ఆలోచించుకోవాలి.

11. దోమలు

ఇది కప్పు పని కాదు గానీ చెప్పకపోతే మిగతాదంతా సగమే. స్లాబులో దాచుకున్న వేడి రాత్రిపూట బయటికి పోవాలంటే కిటికీలు తెరిచి ఉండాలి. మూసీ పక్కన ఉన్న మనకు సాయంత్రం ఐదున్నరైతే దోమల దండు వస్తుంది, కిటికీలన్నీ మూసుకుంటాం. సరిగ్గా స్లాబు వేడి దించే వేళకు గదిని పెట్టెలా బిగిస్తున్నాం. వేడి పనికి బడ్జెట్ వేసుకునేటప్పుడు కిటికీలకు, పాత వెంటిలేటర్లకు జాలీ ఖర్చు కూడా వేసుకోండి. వెంటిలేటర్లను పాత కాలంలో ఊరికే పెట్టలేదు, సీలింగు కింద పేరుకున్న వేడిగాలి పోయే దారి అది. ఏసీ పెట్టించేటప్పుడు అట్టముక్కలతో మూసినవాటిని తెరిపించి జాలీ కొట్టించండి.

12. అపార్ట్‌మెంటులో పై ఫ్లాటు

డాబా అందరిది, వేడి ఒక్కరిది. అసోసియేషన్ మీటింగులో "మీకోసం మేమెందుకు పెట్టాలి?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేడి గురించి వాదించకండి. నీళ్ల గురించి మాట్లాడండి. కప్పు పాడైతే కడ్డీలు తుప్పు పట్టేది మొత్తం భవనానికి, లిఫ్టు గదికి, ట్యాంకులకు కూడా. వాటర్ ప్రూఫింగ్ అందరి ఖాతాలో, దాని మీద తెల్లపూత తేడా మీ ఖాతాలో అని ప్రతిపాదన పెడితే చాలాచోట్ల ఒప్పుకున్నారు. తీర్మానం పుస్తకంలో రాయించుకోకుండా మాత్రం పని మొదలుపెట్టకండి. వచ్చే ఏడాది సెక్రటరీ మారతాడు.

13. కూల్చబోయే ఇల్లు

నాగోల్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంటుకు పోతున్నాయి. మెట్రో వచ్చాక ఆ జోరు పెరిగింది. బిల్డరుతో మాటలు నడుస్తున్నాయంటే, రెండు మూడేళ్లలో ఇల్లు పడుతుందనుకుంటే, ఎక్స్‌పీఎస్ బోర్డులూ టైల్సూ వద్దు. అవన్నీ రేపు లారీకెక్కి ఫతుల్లాగూడ శిథిలాల ప్లాంటుకు పోయేవే. పగుళ్లు మూయించి, ఏటా శివరాత్రికి రెండు పూతల సున్నం వేయించుకుని, జాలీలు బిగించుకుని ఆ రెండేళ్లు గడిపేయండి. జాలీలను ఊడదీసి కొత్త ఫ్లాటుకు తీసుకెళ్లవచ్చు, కొలతలు సరిపోకపోతే అమ్ముకోవచ్చు. బిల్డరుతో అగ్రిమెంటు రాసుకునేటప్పుడు కొత్త భవనం కప్పుకు ఇన్సులేషన్ ఉండాలని, ఎన్ని అంగుళాలో అంకెతో సహా, స్పెసిఫికేషన్ల పేజీలో చేర్పించండి. ఆ పేజీలో గ్రానైటు రంగు, కుళాయిల బ్రాండు అన్నీ ఉంటాయి. కప్పు గురించి ఒక్క లైను కూడా ఉండదు.